బడిలో వాడే ఫొటోలు, పాటలు, పుస్తకాలు: ఏవి ఫ్రీ, ఏవి కావు?

గూగుల్‌లో దొరికితే ఫ్రీయే అనుకునేవాళ్లు ఎక్కువ. క్లాసులో బొమ్మ చూపించే టీచర్లూ, పిల్లల ప్రాజెక్టు కోసం నెట్ సెంటర్‌లో ప్రింట్లు తీయించే తల్లిదండ్రులూ అదే అనుకుంటారు. నిజానికి ఫొటో, పాట, వీడియో ఏదైనా తయారైన క్షణం నుంచే దానికి కాపీరైట్ ఉంటుంది. రిజిస్టర్ చేయించక్కర్లేదు, పక్కన గుర్తు కూడా ఉండక్కర్లేదు. నెల్లూరు జిల్లా చేజర్ల లాంటి మండల కేంద్రంలోని బడి కూడా ఇప్పుడు ఒక్క ఫోన్‌తో యూట్యూబ్ ఛానల్ పెట్టుకోగలదు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

క్లాసు గదిలో

క్లాసు గది వరకు చట్టం టీచర్ వైపే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం పాఠం చెప్పే క్రమంలో టీచర్ గానీ విద్యార్థి గానీ ఏ రచననైనా కాపీ తీసుకోవచ్చు, పరీక్ష పేపర్‌లో ప్రశ్నగా ఇవ్వొచ్చు. ఢిల్లీ యూనివర్సిటీలోని ఒక జిరాక్స్ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లాంటి పెద్ద పబ్లిషర్లు కేసు వేస్తే, 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ మినహాయింపును విశాలంగానే చూసింది. మరుసటి ఏడాది పబ్లిషర్లే కేసు వెనక్కి తీసుకున్నారు.

స్కూల్ డేకి కూడా ఇలాంటి వెసులుబాటే ఉంది. చూసేవాళ్లు విద్యార్థులు, స్టాఫ్, తల్లిదండ్రులు, బడికి సంబంధించినవాళ్లు మాత్రమే అయితే సినిమా పాట వేసి పిల్లలతో డాన్స్ చేయించినా తప్పు కాదు. అదే వీడియో యూట్యూబ్‌లో పెడితే మాత్రం లెక్క మారిపోతుంది. ఆ ప్రేక్షకులు బడివాళ్లు కారు. పాట హక్కున్న కంపెనీ ఫిర్యాదు చేస్తే వీడియో పోతుంది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోవచ్చు, ఏడాది పొడవునా కష్టపడి పెట్టిన పాఠాలతో సహా.

అందుకే బయటికి వెళ్లే ప్రతి దానికీ రెండు దారులే నమ్మకమైనవి: గడువు తీరిన రచనలు, ఓపెన్ లైసెన్స్ ఉన్నవి. మిగతావాటికి సొంతదారు అనుమతి అడగాల్సిందే.

గడువు తీరినవి

మన దేశంలో రచయిత చనిపోయిన ఏడాది తర్వాత 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. ఆ పైన అది అందరిదీ. అల్లామా ఇక్బాల్ 1938లో వఫాత్ అయ్యారు కాబట్టి, ఉర్దూ బడుల్లో పిల్లలు పాడే ‘బచ్చే కీ దుఆ’ ఇప్పుడు స్వేచ్ఛగా వాడుకోవచ్చు. మౌలానా ఆజాద్ రచనలు 2019లో ఆ జాబితాలో చేరాయి. పిఠాపురం కవి ఉమర్ ఆలీషా 1945లో పోయారు, ఆయన పద్యాలకూ గడువు తీరింది. ఫారసీ నేర్చుకుని ఉమర్ ఖయ్యాం రుబాయీలను ‘పానశాల’గా తెలుగులోకి తెచ్చిన దువ్వూరి రామిరెడ్డి నెల్లూరు జిల్లావారే. 1947లో కన్నుమూసిన ఆయన రచనలు 2008 నుంచి ఫ్రీ. జాషువా మాత్రం 1971లో పోయారు, కాబట్టి 2031 చివరిదాకా ఆగాలి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ఇక్బాల్ మాట ఫ్రీ అయినంత మాత్రాన ఇవాళ ఒక గాయకుడు పాడిన రికార్డింగ్ ఫ్రీ కాదు. పిల్లలే పాడితే ఏ ఇబ్బందీ లేదు. మక్తబ్‌లో వాడే వాటికీ ఇదే సూత్రం. ఖురాన్ అరబీ మూలం ఎవరి సొత్తూ కాదు. ఒక ఖారీ చేసిన రికార్డింగ్‌కు, ఒక అనువాదకుడి తర్జుమాకు మాత్రం హక్కులు ఉంటాయి. హైదరాబాద్ చాదర్‌ఘాట్ హైస్కూల్‌కు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన పిక్తాల్ ఇంగ్లిష్ అనువాదం (ఆయన 1936లో పోయారు), 1953లో పోయిన యూసుఫ్ అలీ అనువాదం ఇప్పుడు ఇండియాలో గడువు తీరినవే. కొత్త ఎడిషన్‌లో ఎవరైనా చేర్చిన ముందుమాట, వ్యాఖ్యానం అందులోకి రావు.

ప్రభుత్వానిది కదా అని వాడేయడమూ సరికాదు. మన ప్రభుత్వ ప్రచురణలకు కూడా 60 ఏళ్ల కాపీరైట్ ఉంది. శ్రీహరికోట రాకెట్ ఫొటో వాడే ముందు ఇస్రో షరతులు చూసుకోవాలి. అమెరికా నాసా ఫొటోలకు ఎక్కువగా కాపీరైట్ ఉండదు. సైన్స్ టీచర్లకు అదొక గని.

ఓపెన్ లైసెన్స్

ఇక్కడ సొంతదారే ముందుగా అనుమతి రాసి పెడతాడు. ఎక్కువగా కనిపించేది క్రియేటివ్ కామన్స్. ‘బై’ అంటే పేరు చెప్పాలి. ‘ఎస్ఏ’ అంటే మార్చి పంచితే అదే లైసెన్స్ ఇవ్వాలి. ‘ఎన్‌సీ’ అంటే వ్యాపారానికి వాడకూడదు, ఫీజు తీసుకునే ట్యూషన్ సెంటర్లు దానికి దూరంగా ఉండటం మేలు. ‘ఎన్‌డీ’ అంటే మార్చిన దాన్ని పంచకూడదు, కాబట్టి ఇంగ్లిష్ వర్క్‌షీట్‌ను తెలుగులోకో ఉర్దూలోకో మార్చి ఇవ్వడం కుదరదు.

ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు, ఉర్దూ బొమ్మల కథలు ‘బై’ లైసెన్స్‌తో ఉన్నాయి. ప్రింట్ తీయొచ్చు, అనువదించొచ్చు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు మాట్లాడే పిల్లలకు ఒకే కథను రెండు భాషల్లో ఇవ్వడానికి ఇంతకంటే సులువు దారి కనిపించదు. ఫొటోలకు వికీమీడియా కామన్స్, వ్యాసాలకు 2003లో మొదలైన తెలుగు వికీపీడియా ఉన్నాయి. టెక్స్ట్‌బుక్‌లోని క్యూఆర్ కోడ్ తెరిచే దీక్షా పాఠాలకు లైసెన్స్ అక్కడే రాసి ఉంటుంది, చదవాలి. బడి బ్యానర్‌కు మండలి, రామభద్ర, ఉర్దూకు నోటో నస్తలీఖ్ ఓపెన్ ఫాంట్లే.

పేరు చెప్పడం కష్టమేం కాదు. స్లైడ్ కింద ‘ఫొటో: ఫలానా వ్యక్తి, వికీమీడియా కామన్స్, సీసీ బై ఎస్ఏ 4.0’ అని రాసి లింకు ఇస్తే చాలు. ‘గూగుల్ నుంచి’ అని రాస్తే మాత్రం ఏమీ చెప్పనట్టే.

మన ఊరి బొమ్మలు

చేజర్ల ఫొటో కావాలని వెతికేవాళ్లకు ఒక జాగ్రత్త. కపోతేశ్వరాలయం ఉన్న ప్రసిద్ధ చేజర్ల పల్నాడు జిల్లాది. పేరు ఒకటే కావడంతో ఆ గుడి నెల్లూరు చేజర్ల పాఠంలోకి వచ్చేసే ప్రమాదం ఉంది. లైసెన్స్‌తో పాటు కింద రాసిన జిల్లా పేరు కూడా చూడాలి.

ఉదయగిరి కోట, అక్కడి మస్జిదులు, ముస్లిం మహిళలు చెక్కే చెక్క చెంచాలు, ఏఎస్ పేట దర్గా, సోమశిల డ్యామ్ లాంటివాటికి సొంతంగా ఫొటో తీసుకోవడమే మంచిది. తీసినవాళ్లదే హక్కు. వాళ్లు కామన్స్‌లో ‘బై ఎస్ఏ’ కింద పెడితే వేరే ఊరి టీచర్‌కూ పనికొస్తుంది. చెంచాలు చేసే ఆపాను అడగకుండా ఆమె ముఖం తీయకూడదు. పిల్లలు కనిపించే ఫొటో అయితే పెట్టే ముందే అమ్మానాన్నల ఒప్పుకోలు తీసుకోవాలి, ఎందుకంటే ఓపెన్ లైసెన్స్ ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు.