ఊరుబిండి పెట్టిన పరీక్ష

వై.ఎన్.హొసకోట వంటింట్లో మిక్సీకి గట్టి పరీక్ష పెట్టేది పళ్ళరసం కాదు, చెనిక్కాయల ఊరుబిండి. పావగడ తాలూకాకు మూడు పక్కలా ఆంధ్రా ఊళ్ళే. పరిపాలన తుమకూరుదైనా ఇంట్లో మాట తెలుగు, మెట్టలో పంట చెనిక్కాయ, పళ్ళెంలో రాగిముద్ద. ఆ ముద్దకు తోడయ్యే బిండిలో వేయించిన గింజలు, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ, ఉప్పు పడతాయి. నీళ్ళు మాత్రం తగలీ తగలనట్టు పోస్తారు. ఈ గట్టి ముద్దను నలపలేకపోయిన మిక్సీని ‘నాసిరకం’ అనేస్తాం. లేదా ‘వాట్లు చాలలేదు, ఇంకా పెద్దది కొనాల్సింది’ అంటాం. ఆ తీర్పు చాలాసార్లు తప్పు. మిక్సీ పనితనాన్ని నిర్ణయించేవి ముందుగా జారులో వేసిన సరుకు, ఆ తర్వాత గోడలోని ప్లగ్గుకు చేరే కరెంటు. పెట్టె మీద అచ్చువేసిన వాట్ల అంకెది మూడో స్థానమే. ఈ యంత్రం మన దగ్గరికి వచ్చిన దారి చూస్తే ఆ మాట ఎందుకన్నానో తెలుస్తుంది.

1922లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో స్టీఫెన్ పోప్లావ్‌స్కీ పాత్ర అడుగున తిరిగే బ్లేడు అమర్చినప్పుడు ఆయన ముందున్న పని మాల్టెడ్ పాలు కలపడం. 1937లో బ్యాండు నాయకుడు ఫ్రెడ్ వేరింగ్ అండతో అమ్మకానికి వచ్చిన యంత్రమూ పానీయాల కోసమే. ఎండుమిరపకాయ, పసుపుకొమ్ము, నానిన మినప్పప్పు వాళ్ళ లెక్కలో లేవు. మన దేశంలో కొన్ని ఇళ్ళకు చేరిన జర్మనీ బ్రాన్ మిక్సర్ మన మసాలా ముందు నిలవలేకపోయింది. బొంబాయిలో సీమెన్స్ ఇంజినీరుగా ఉన్న సత్యప్రకాశ్ మాథుర్ ఇంట్లోనూ అదే జరిగింది. బాగుచేయించే దిక్కు లేకపోవడంతో, మన వంటకు తగిన యంత్రం మనమే చేసుకోవాలన్న పట్టుదల ఆయన భార్య మాధురి మాటతో మొదలైందని చెబుతారు. 1963లో మాథుర్ సొంత సంస్థ పెట్టారు. అక్కడి నుంచి వచ్చినదే సుమీత్ మిక్సీ. 1978లో చెన్నైలో ప్రీతి మిక్సీల సంస్థ మొదలైంది. పాలు గిలకొట్టే యంత్రం మనింట్లో పొడికొట్టే, పచ్చడి నూరే, పిండి రుబ్బే యంత్రంగా మారడానికి కారణం మన తిండి పెట్టిన బరువే. అందుకే మిక్సీని విదేశీ బ్లెండరుకు నకలుగా చూడటం నాకు ఒప్పుదల కాదు.

బరువు అంటే ఏమిటో జారులోకి చూస్తే తెలుస్తుంది. నీళ్ళున్న సరుకును బ్లేడు అంచులకు విసురుతుంది. అది గోడవెంట పైకెక్కి, నడిమిలోని సుడిలో మళ్ళీ బ్లేడు మీద పడుతుంది. ఈ తిరుగుడు ఆగకుండా సాగితేనే ప్రతి గింజకూ దెబ్బ తగులుతుంది. బిండిలో ఆ సుడి ఏర్పడదు. నలిగిన చెనిక్కాయ నూనె వదిలి గోడకు అతుక్కుంటుంది, బ్లేడు చుట్టూ గాలి గది మిగులుతుంది, మోటారు మోత పెడుతుంది కానీ గింజ గింజలాగే ఉంటుంది. పచ్చడి జారును చిన్నగా, ఇరుకుగా చేయడం, బ్లేడును అడుగుకు దగ్గరగా పెట్టడం, స్టీలు గోడకు లోపలి వైపు గట్లు తీర్చడం ఇందుకే. పిడికెడు గింజలను పెద్ద జారులో వేసి వెయ్యి వాట్లతో తిప్పినా ఫలితం ఉండదు. చిన్న జారులో సగానికి వేసి, ముందు పొడిగా ఆపి ఆపి తిప్పి, గోడకంటినది గరిటెతో దించి, తర్వాత చెంచాల లెక్కన నీళ్ళు పోస్తే 500 వాట్లు చాలు.

ఇక కరెంటు. మిక్సీలోది కార్బన్ బ్రష్షుల యూనివర్సల్ మోటారు. బరువు లేనప్పుడు నిమిషానికి ఇంచుమించు 20 వేల చుట్లు తిరుగుతుంది, బరువు పడగానే వేగం తగ్గుతుంది. దాని బలం వోల్టేజీతో సరిసమానంగా తగ్గదు, దాదాపు వర్గం లెక్కన తగ్గుతుంది. 230 వోల్టులు రావాల్సిన చోట 180 వస్తే బలంలో మిగిలేది సుమారు 60 శాతం. అంటే 750 వాట్ల మిక్సీ పూర్తి కరెంటున్న ఇంట్లోని 500 వాట్ల మిక్సీకి తీసికట్టు. పైగా మోటారును చల్లబరిచే ఫ్యాను అదే ఇరుసు మీద ఉంటుంది. వేడి పెరిగే వేళకే గాలి తగ్గిపోతుంది. కాలిన వాసన వచ్చేది అప్పుడే. ‘పక్కనే తిరుమణి దగ్గర 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, ఇంక మాకు కరెంటు కొరత ఏమిటి?’ అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ 13 వేల ఎకరాల్లో పుట్టే ఆ విద్యుత్తు పెద్ద లైన్లెక్కి గ్రిడ్డులో కలుస్తుంది. ఇంటి వోల్టేజీని తేల్చేది వీధి ట్రాన్స్‌ఫార్మరు, దాని మీద పడ్డ బోరు మోటార్లు, తీగ పొడవు. పొలాల ఫీడర్లను ఊళ్ళ ఫీడర్ల నుంచి విడదీసే నిరంతర జ్యోతి పథకాన్ని కర్ణాటక చేపట్టడానికి ఇలాంటి ఇబ్బందే కారణం. వంటింటి దృష్టితో చూస్తే, ఆ ఫీడరు విడదీతకు కొత్త మోడల్ మిక్సీ కన్నా ఎక్కువ విలువ ఉంది.

రోటి రుచి మిక్సీకి రాదన్న అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టెయ్యలేం. గుండు నలుపుతుంది, బ్లేడు కోస్తుంది. నలిగిన మిరపకాయ, తెల్లగడ్డ తమ నూనెను, ఘాటును వదిలే తీరు వేరు. మిక్సీ పుట్టించే వేడికి వాసన కొంత పోతుంది కూడా. వేయించిన గింజలు పూర్తిగా చల్లారాకే జారులో వేసి, పలుకు మిగిలేలా ఆపితే ఆ తేడా చాలా తగ్గుతుంది, పూర్తిగా మాత్రం పోదు. అయినా రోటి రుచిని పొగిడేవాళ్ళు రోటి ముందు కూర్చున్నది ఎవరో చెప్పరు. హొసకోట పట్టుచీరల మగ్గాల ఊరు. నేతఇంట్లో కండెలు చుట్టే చేతులే రోకలీ పట్టాలి. ఆ చేతులకు మిగిలిన కాలాన్ని లెక్కలో వేయకుండా రుచి లెక్క ఒక్కటే చెప్పడం నాకు సమ్మతం కాదు.

అందుకే కొత్త మిక్సీకి డబ్బు కట్టే ముందు పాతదాన్ని ఒకసారి తిరగేసి చూడండి. అడుగున ఎర్ర బొత్తాం బయటికి తన్నుకొచ్చి ఉంటే అది చెడిపోయినట్టు కాదు, వేడెక్కి తనను తాను ఆపుకుంది. చల్లారాక నొక్కితే చాలు. జారు కింది కప్లరు పళ్ళు అరిగితే, కార్బన్ బ్రష్షులు పొట్టివై నిప్పురవ్వలు రాలితే మార్చేది ఆ ముక్కలనే, మోటారును కాదు. మళ్ళీ మళ్ళీ ఆగిపోతుంటే బిండి నూరే వేళకు గోడ ప్లగ్గులో ఎన్ని వోల్టులున్నాయో మీ ఊరి ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి. అంకె తక్కువగా ఉంటే ఫిర్యాదు చేయాల్సింది మిక్సీ అంగట్లో కాదు, కరెంటు ఆఫీసులో.