నిద్రపోయే క్రిముల లెక్క

మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో శానిటోరియం తెరిచేనాటికి క్షయకు మందంటూ లేదు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ రోగులకు ఇవ్వగలిగింది మంచి గాలి, బలమైన తిండి, నెలల తరబడి విశ్రాంతి. కోలుకుని ఇంటికెళ్లిన వాళ్లలో కొందరికి ఏళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టేది. అన్నాళ్లూ క్రిమి ఎక్కడ దాక్కుంది?

1952లో ఐసోనియాజిడ్ అనే మందు వచ్చింది. క్రిమి గోడ కట్టుకునే పనిని అది అడ్డుకుంటుంది కాబట్టి పెరుగుతున్న క్రిమినే బాగా చంపుతుంది. క్షయ క్రిమి అసలే నిదానం. ఈ.కోలై అనే బ్యాక్టీరియా 20 నిమిషాల్లో రెండైతే, దీనికి 20 గంటల దాకా పడుతుంది. ఆక్సిజన్ తగ్గితే ఆ విభజన కూడా మానేస్తుంది, కానీ చావదు.

ఇలాంటి క్రిముల సంగతి 1944లోనే శాస్త్రవేత్త జోసెఫ్ బిగ్గర్ పట్టుకున్నాడు. పెన్సిలిన్ పోసినా స్టెఫైలోకాకస్ క్రిములు పది లక్షలకు ఒకటి చొప్పున మిగిలేవి. వాటిని మళ్లీ పెంచితే వాటి సంతానం పెన్సిలిన్‌కు మామూలుగానే లొంగేది. కాబట్టి అవి మందుకు మొండికేసిన కొత్త రకం కాదు, ఆ సమయానికి విభజన ఆపేసినవి అని ఆయన వాదించాడు.

శరీర కణాలదీ ఇదే వరస. మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ మందుల కంపెనీలో తయారుచేసిన అమినోప్టెరిన్‌తో ల్యుకేమియా పిల్లలు కొన్నాళ్లు తేరుకున్నారని 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించాడు. జబ్బు మళ్లీ వచ్చింది. ఆ మందు కూడా విభజన చెందే కణాల మీదే పనిచేస్తుంది. విభజన చక్రం నుంచి పక్కకు తప్పుకున్న కణాల దశను 1963లో లాజ్తా జీ-జీరో అన్నాడు.

ఇక్కడ ఆరోగ్యవరం వైద్యులు 1950 నుంచి ఊరూరా తిరిగి ఎక్స్‌రేలు తీసి, గళ్ల పరీక్షలు చేశారు. క్రిస్టియన్ కొడుకు జోహానెస్ ఆ సర్వే ఫలితాలను 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చువేయించారు. ఏడాది పాటు మందు ఇంటి దగ్గర వేసుకున్నా శానిటోరియంలో వేసుకున్నా ఫలితం దాదాపు ఒకటేనని 1959లో మద్రాసు అధ్యయనం తేల్చింది. మరి ఏడాది ఎందుకు? నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యంగా తోచే ప్రశ్న ఇదే. దానికి జవాబు లెక్కలోనే దొరుకుతుంది.

రెండు గదులనుకోండి. ఒకదానిలో పెరిగే క్రిములు, రెండోదానిలో ఊరుకున్నవి. మధ్యలో రాకపోకలు. సమీకరణాలు రెండే. ఊహకోసం మొదటి గదిలో పది కోట్లు, రెండోదానిలో లక్ష పెడదాం. మందు రోజూ మొదటి గదిలో అయిదింట నాలుగింటిని చంపుతుంది. ఎనిమిది రోజుల్లో ఆ పది కోట్లలో మిగిలేవి 256. దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, రోగి మందు మానేద్దామనుకుంటాడు. రెండో గదిలో రోజుకు నూటికి అయిదు మాత్రమే మేలుకుని మందుకు చిక్కితే, ఎనిమిదో రోజుకు ఇంకా 66 వేలకు పైగా ఉంటాయి. ఒకటి కన్నా తక్కువకు రావాలంటే 225 రోజులు పడుతుంది. ఈ అంకెలు నేను పెట్టుకున్నవే. కానీ మొదట నిటారుగా పడి తర్వాత సాగదీసుకుపోయే ఈ గీత నిజం. 1980లో అచ్చయిన నైరోబీ అధ్యయనంలో 124 మంది రోగుల గళ్లలో క్రిములను లెక్కిస్తే, ఐసోనియాజిడ్ మొదటి రెండు రోజులే జోరుగా పనిచేసి తర్వాత నెమ్మదించింది.

ఆ పరిశోధకుల్లో ఒకరైన డెనిస్ మిచిసన్ ఏ మందు ఏ గుంపుకో విడదీసి చూపాడు. పెరిగేవాటికి ఐసోనియాజిడ్, అప్పుడప్పుడు మేలుకునేవాటికి రిఫాంపిసిన్, ఆమ్లంలో మందకొడిగా ఉండేవాటికి పైరాజినమైడ్. వీటిని కలపడంతో ఏడాది పైబడిన చికిత్స ఆరు నెలలకు దిగింది. 2004లో నతాలీ బాలబాన్ బృందం ఒక్కో ఈ.కోలై కణాన్నీ సూక్ష్మదర్శినిలో వెంటాడి, మందు పడకముందే కొన్ని నిద్రలో ఉన్నాయని చూపింది. ఆ రెండు గదుల మధ్య రాకపోకల వేగాలనూ కొలిచింది. రిఫాపెంటిన్, మాక్సిఫ్లాక్ససిన్ కలిసిన నాలుగు నెలల చికిత్స ఆరు నెలలదానికి తీసిపోదని 2021లో తేలింది.