ప్రజాస్వామ్యం - సాంఘిక శాస్త్ర బోధన



సాంఘిక శాస్త్రం అనగానే మీలో చాలామందికి తేదీలు, రాజుల పేర్లు, పటంలో గుర్తించాల్సిన నదులు గుర్తుకొస్తాయి. పరీక్ష రాశాక వీటితో పనేముంది అనిపిస్తుంది. సమాధానం కోసం మన తొలి సార్వత్రిక ఎన్నికల దగ్గరకు వెళదాం.

1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 21 ఏళ్లు నిండిన పౌరులందరికీ ఓటు హక్కు ఇచ్చింది. చదువు, ఆస్తి, కులం, స్త్రీ పురుష భేదం ఏవీ అడ్డు కాలేదు. 1951 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యులు సుమారు 18 శాతమే. అందుకే 1951-52 ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో బ్యాలట్ పెట్టె ఉంచి, దానిపై గుర్తు అంటించారు. అక్షరాలు రానివారు కూడా ఆ విధంగా ఓటు వేయగలిగారు.

అయితే చిక్కు మరోచోట వచ్చింది. ఓటర్ల జాబితా రాసేందుకు సిబ్బంది వెళ్లినప్పుడు, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో ఎందరో స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్యనని, ఫలానా వారి కూతురినని మాత్రమే చెప్పారు. సొంత పేరు లేనిదే నమోదు కుదరదని తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ స్పష్టం చేశారు. చివరకు దాదాపు 28 లక్షల మంది స్త్రీలు జాబితాలో చోటు కోల్పోయారు.

గమనించారా? చట్టం హక్కు ఇచ్చింది. సమాజపు అలవాటు దాన్ని చేతికి అందనివ్వలేదు. రాజకీయ సమానత్వం వచ్చినా సామాజిక, ఆర్థిక అసమానతలు మిగిలితే ప్రజాస్వామ్యానికి ప్రమాదమని డాక్టర్ అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించింది ఇందుకే.

ఈ దూరాన్ని తగ్గించే పనిలో బడికి పెద్ద పాత్ర ఉంది. బ్రిటిష్ పాలనలో పౌరశాస్త్రం ప్రభుత్వానికి విధేయులను తయారుచేయడానికి ఉద్దేశించినది. స్వాతంత్ర్యం తర్వాత లక్ష్యం మారింది. 1952-53 నాటి మొదలియార్ కమిషన్, సత్యాన్ని అసత్యం నుంచి, వాస్తవాన్ని ప్రచారం నుంచి వేరుచేసి చూడగల పౌరులు కావాలన్నది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పౌరశాస్త్రం స్థానంలో రాజనీతి శాస్త్రాన్ని సూచించింది. విధేయత కన్నా ప్రశ్నించడం, చర్చించడం ముఖ్యమన్నది దాని భావన.

2019 లోక్‌సభ ఎన్నికల్లో స్త్రీల పోలింగ్ శాతం పురుషుల కన్నా స్వల్పంగా ఎక్కువ. పేరు చెప్పడానికి జంకిన కాలం నుంచి ఇంత దూరం వచ్చాం. చదువు, ఉద్యమాలు, చట్టాలు కలిసి తెచ్చిన మార్పు ఇది.

విద్యార్థులారా! 1988 నాటి 61వ రాజ్యాంగ సవరణ వల్ల 18 ఏళ్లకే మీకు ఓటు వస్తుంది. అప్పటికి తేదీలు కొన్ని మరచిపోయినా ఫరవాలేదు. విన్న ప్రతి మాటనూ "ఎవరు చెప్పారు? ఆధారం ఏమిటి? దీనివల్ల ఎవరికి నష్టం?" అని అడిగే అలవాటును మాత్రం మరవకండి. సాంఘిక శాస్త్రం మీకివ్వగల అసలు పాఠం అదే.