అడవి మనిషి – ఆదిమ సమాజం

మన సాహిత్యంలో అడవి మనిషికి రెండే రూపాలున్నాయి. ఒకడు తిండి కోసం నిత్యం అల్లాడే అనాగరికుడు. రెండోవాడు స్వార్థమెరగని సమతామూర్తి. ఆదిమ సామ్యవాదం గురించి మాట్లాడినప్పుడల్లా నేనూ ఆ రెండోవాణ్ణే చూపిస్తూ వచ్చాను. అది ఎంతవరకు సరైనదో పరిశీలించుకోవాలి.

మొదటి రూపం నిలవదని 1964లోనే తేలింది. ఆ ఏడాది జూలైలో రిచర్డ్ లీ అనే మానవశాస్త్రవేత్త ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో, కుంగ్ ప్రజల డోబె శిబిరంలో నాలుగు వారాలపాటు పనినీ తిండినీ లెక్కగట్టాడు. వయసొచ్చినవాళ్లు తిండి సంపాదనకు వెచ్చించింది వారానికి సగటున రెండున్నర రోజులు. అందులో ఎక్కువ భాగం వేటమాంసం కాదు. ప్రధానంగా ఆడవాళ్లు ఏరి తెచ్చే మొంగొంగో గింజలు, దుంపలు. పరికరాల తయారీ, ఇంటిపని కలిపితే మాత్రం వారానికి 40 గంటలు దాటుతుందని లీయే తర్వాత చెప్పాడు.

అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. అక్కడ మాంసం పంచే హక్కు వేటగాడిది కాదు, బాణం ఎవరిదో వాళ్లది. బాణాలేమో చేతులు మారుతూ ఉంటాయి. పెద్ద జంతువును కొట్టినవాణ్ణి మెచ్చుకోరు, ఎగతాళి చేస్తారు. అంటే సమానత్వం వాళ్లకు పుట్టుకతో వచ్చిన అమాయకత్వం కాదు. పూనుకుని కాపాడుకునే కట్టుబాటు.

వ్యవసాయం లేనిచోటల్లా సమానత్వం ఉంటుందా? ఉండదు. ఉత్తర అమెరికా వాయవ్య తీరంలో సేద్యం లేకుండానే నాయకులు, సామాన్యులు, బానిసలు ఉన్న సమాజాలు నడిచాయి. అక్కడ ఏటా విరివిగా దొరికే సాల్మన్ చేపను ఎండబెట్టి నిలవ చెయ్యవచ్చు. నిలవ ఉన్నదాన్ని గుప్పిట్లో పెట్టుకోవచ్చు. వర్గాల మూలాన్ని నాగలిలోనే కాదు, గాదెలో కూడా వెతకాలి.

పైగా ఈనాటి వేట సమాజాలు గతం మిగిల్చిన శిలాజాలు కావు. కుంగ్ ప్రజలకు పశుపాలకులతో, వర్తకులతో ఉన్న పాత సంబంధాలను ఎడ్విన్ విల్మ్‌సెన్ 1989లో ముందుకు తెచ్చాడు. మన నల్లమల చెంచులు దుంపలు తవ్వే కర్రకు ఇనుపమొన మైదానం నుంచి వచ్చిందే.

కాబట్టి వాళ్లు మనకు చూపించేది పన్నెండు వేల ఏళ్ల నాటి ఫోటో కాదు. సొంత ఆస్తి మానవ స్వభావం కాదనడానికి రుజువు. చెంచును 'మన గతం' అని రాసిన రచయిత అతని వర్తమానానికి బాధ్యత వదిలించుకుంటున్నాడు. అడవి మీద అతని హక్కును చట్టం గుర్తించింది 2006లో. అతను మన సమకాలికుడు. మన రచనల్లోనూ అలాగే కనిపించాలి.