కోడింగ్ రాదా? పర్లేదు.. యాక్సెస్ ఫామ్‌లో డ్రాప్‌డౌన్ ఫిల్టర్ ఇలా పెట్టుకోండి.. ఆ ఒక్క సెట్టింగ్‌తో మాత్రం జాగ్రత్త!

ఎరువుల షాపులు, కోచింగ్ సెంటర్లు, చిన్న చిన్న ఆఫీసుల్లో ఇప్పటికీ చాలా చోట్ల కస్టమర్ల లెక్కలన్నీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైల్‌లోనే ఉంటాయి. ఎంట్రీలు వేలల్లోకి వెళ్లాక అసలు తలనొప్పి మొదలవుతుంది. ఒక్క జిల్లా వాళ్ల లిస్ట్ కావాలన్నా కిందిదాకా స్క్రోల్ చేస్తూ వెతుక్కోవాలి. జిల్లా పేరు సెలెక్ట్ చేయగానే ఆ జిల్లా వాళ్లే కనిపిస్తే? దీనికి ఒక్క లైన్ కోడ్ కూడా అక్కర్లేదు. ఎలాగో చూద్దాం.

ముందు టేబుల్స్ సరిచూసుకోండి

జిల్లాల కోసం విడిగా ఒక టేబుల్ ఉండాలి. అందులో జిల్లా నంబర్, జిల్లా పేరు ఉంటే చాలు. కస్టమర్ల టేబుల్‌లో పేరుకు బదులు ఆ నంబర్ మాత్రమే సేవ్ కావాలి. ఒకరు 'కడప' అని, ఇంకొకరు 'వైఎస్సార్ కడప' అని టైప్ చేస్తే ఫిల్టర్ వేసినప్పుడు సగం మంది మాయమైపోతారు. ఎర్రర్ మెసేజ్ కూడా రాదు కాబట్టి లిస్ట్ కరెక్టే అనుకుంటాం.

విడి టేబుల్‌తో ఇంకో లాభం ఉంది. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31 అయ్యాయి, 2019లో 33కి చేరాయి. ఏపీలో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఇలాంటి మార్పు వచ్చినప్పుడు టేబుల్‌లో కొత్త వరుసలు కలిపితే డ్రాప్‌డౌన్‌లోకి వాటంతట అవే వచ్చేస్తాయి. ఫామ్ ముట్టుకోనక్కర్లేదు.

స్టెప్ బై స్టెప్

1. క్రియేట్ ట్యాబ్‌లో ఫామ్ డిజైన్ క్లిక్ చేయండి. ఖాళీ ఫామ్ వస్తుంది. దాని రికార్డ్ సోర్స్ ఖాళీగానే వదిలేయండి.

2. కంట్రోల్స్‌లో 'యూజ్ కంట్రోల్ విజార్డ్స్' ఆన్‌లో ఉందో లేదో చూసుకుని, కాంబో బాక్స్‌ని ఫామ్ మీద పెట్టండి. విజార్డ్ అడిగితే 'వేరే టేబుల్ నుంచి విలువలు తీసుకో' అన్న మొదటి ఆప్షన్ ఎంచుకోండి. జిల్లాల టేబుల్ నుంచి నంబర్, పేరు రెండూ తీసుకోండి. నంబర్ కాలమ్ దాచే టిక్‌ను అలాగే ఉంచండి.

3. ఎఫ్4 నొక్కితే ప్రాపర్టీ షీట్ ఓపెన్ అవుతుంది. అదర్ ట్యాబ్‌లో కాంబోకి 'జిల్లాఎంపిక' అని పేరు పెట్టండి.

4. ఇప్పుడు కస్టమర్ల ఫామ్‌ని ఇదే ఫామ్‌లో సబ్‌ఫామ్‌గా పెట్టండి.

5. సబ్‌ఫామ్ అంచు మీద క్లిక్ చేసి డేటా ట్యాబ్‌కి వెళ్లండి. 'లింక్ మాస్టర్ ఫీల్డ్స్'లో జిల్లాఎంపిక అని, 'లింక్ చైల్డ్ ఫీల్డ్స్'లో కస్టమర్ల టేబుల్‌లోని జిల్లా నంబర్ ఫీల్డ్ పేరు టైప్ చేయండి. పక్కనున్న మూడు చుక్కల బటన్ ఇక్కడ పనిచేయదు, చేత్తోనే టైప్ చేయాలి.

అంతే. ఫామ్ వ్యూలో జిల్లా ఎంచుకుంటే కింద ఆ జిల్లా కస్టమర్లే వస్తారు. అక్కడే కొత్త కస్టమర్‌ని ఎంటర్ చేస్తే జిల్లా నంబర్ దానంతట అదే పడిపోతుంది. ఏ జిల్లా ఎంచుకోకపోతే పాత ఎంట్రీలేవీ కనిపించవు. డేటా పోయిందేమోనని కంగారు పడకండి.

అసలు ప్రమాదం ఇక్కడే

చాలామంది కొత్త ఫామ్ చేయకుండా, కస్టమర్ల ఫామ్ మీదే నేరుగా కాంబో పెట్టేస్తారు. అప్పుడు ఈ విలువను ఏం చేయాలని విజార్డ్ అడుగుతుంది. 'ఈ ఫీల్డ్‌లో సేవ్ చెయ్' అన్నది ఎంచుకుంటే అది ఇక ఫిల్టర్ కాదు, డేటా మార్చే బాక్స్. మీరు వరంగల్ వాళ్లని చూద్దామని వరంగల్ ఎంచుకుంటారు. స్క్రీన్ మీదున్న ఖమ్మం కస్టమర్ కాస్తా వరంగల్ కస్టమర్ అయిపోతారు. పక్క రికార్డ్‌కి వెళ్లగానే యాక్సెస్ అడగకుండానే సేవ్ చేసేస్తుంది.

అందుకే ఫిల్టర్ కాంబోకి 'కంట్రోల్ సోర్స్' ఖాళీగా ఉండాల్సిందే. పొరపాటున మార్చినట్టు అనిపిస్తే, వేరే రికార్డ్‌కి కదలకముందే ఎస్కేప్ నొక్కండి.

బౌండ్ ఫామ్‌లో కనిపించే మూడో ఆప్షన్‌తోనూ చాలామంది పొరబడతారు. అది ఎంచుకున్న రికార్డ్ దగ్గరికి తీసుకెళ్తుందే తప్ప మిగతావాటిని దాచదు. ఒక్క కస్టమర్‌ని వెతకడానికి బాగుంటుంది, లిస్ట్ తీయడానికి పనికిరాదు.

యాక్సెస్ లేకపోతే?

యాక్సెస్ విండోస్‌లోనే నడుస్తుంది, డబ్బులు పెట్టి కొనాలి. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ బేస్‌లోనూ ఇదే పని చేయొచ్చు. అక్కడ ఒకే ఒక్క వరుస ఉన్న చిన్న టేబుల్‌ని ఫిల్టర్ కోసం పెట్టుకుంటారు. మెయిన్ ఫామ్‌లోని లిస్ట్ బాక్స్ అందులో మీ ఎంపికను రాస్తుంది, సబ్‌ఫామ్ దాని ప్రకారం రికార్డులు చూపిస్తుంది. 'రిఫ్రెష్ ఫామ్' పని అప్పగించిన బటన్ ఒకటి పెట్టుకోవాలి.

ఏ సాఫ్ట్‌వేర్ అయినా సరే, ప్రయోగం అసలు ఫైల్ మీద వద్దు. ముందు ఒక కాపీ తీసి దాని మీద చేయండి. ఒక్కో జిల్లా ఎంచుకుని వచ్చిన రికార్డుల సంఖ్యలు కూడండి. టేబుల్‌లోని మొత్తంతో అది సరిపోతేనే ఫామ్‌ని స్టాఫ్ చేతికి ఇవ్వండి. తేడా వస్తే, జిల్లా నంబర్ ఖాళీగా ఉన్న ఎంట్రీలు ఎక్కడున్నాయో ముందు వెతకండి.