ఆకాశశిలకు స్వామి యెవ్వఁడు?

ధవళేశ్వరముకడ కాటన్ దొర యానకట్ట పూర్తియైన 1852వ సంవత్సరమందే, దక్షిణమున నెల్లూరు సీమలో నాకసమునుండి యొక శిల పడెను. దాని ఖండము లండను ప్రకృతిచరిత్ర మ్యూజియమునకు చేరినది. అట్టి శిలయే గోదావరి డెల్టాలో, రాతిజాడ యెఱుగని యొండ్రునేలలో, పిఠాపురము జమీను చేనిమీఁద పడియుండినచో, దానికి స్వామి యెవ్వఁడు? పేష్కషు చెల్లించు జమీందారుఁడా, శిస్తు కట్టి దున్నుకొను రైతా, సర్కారా? 1878 నాటి నిధినిక్షేపముల చట్టము భూమిలో దాగిన విలువగల వస్తువులను గూర్చి పలికినదే గాని, మింటినుండి రాలినదానిని ప్రత్యేకించి తలఁపలేదు.

అమెరికాలోని అయోవా రాష్ట్రమున 1890లో పడిన శిలను పరుని పొలమునుండి త్రవ్వి తీసినవాఁడు 105 డాలర్లకు విక్రయింపఁగా, 1892లో అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము, నేలలో నాటుకొనిన శిల నేలగలవానిదే యని తీర్పు చెప్పెను. మనదేశమున నట్లు గాక, 1851లో నేర్పడిన భారత భూగర్భ సర్వే శాఖ యుల్కాశిలల సంరక్షణభారమును వహించి, వానిని కలకత్తాలో భద్రపఱచుచు వచ్చినది. ఇదియే మేలని నా దృఢవిశ్వాసము. ఏలయన, అంగడికెక్కి ముక్కలైన శిలతో సౌరమండలమంత ప్రాచీనమైన సాక్ష్యము చెదరిపోవును. అయినను, పడిన యూరిపేరును శిలకుఁ బెట్టు శాస్త్రసంప్రదాయము, దానిని కనుఁగొని యప్పగించిన రైతునకు తగిన పారితోషికమును గూడ విధించియుండవలసినది.