బొంతకు శాసనం లేదు

2026 జనవరి 31కి పదేళ్లు. 2016లో అదే రోజు చెన్నైలో ‘మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్’ అనే మహిళా బృందం చేత్తో అల్లిన ముక్కలన్నీ కలిపి 11,148.5 చదరపు మీటర్ల దుప్పటి పరిచి గిన్నిస్ బుక్కుకెక్కింది. రికార్డు అయ్యాక దాన్ని మళ్లీ విడదీసి, చలికి కప్పుకోవడానికి లేనివాళ్లకు పంచాలన్నది వాళ్ల సంకల్పం. ‘‘మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం పక్క ఇట్లా ఇంట్లో కుట్టి దానమిచ్చిన చరిత్ర ఏమన్నా ఉంటే ఆదివారానికి రాయండి. గురువారం లోపల ఇచ్చేయాలి’’ అన్నారు సంపాదకులు. చరిత్రకేం, ఉంది. రెండు వేల ఏళ్లది. గడువే రెండు రోజులు.

బౌద్ధంతో మొదలుపెడదాం. భిక్షువులు పారేసిన పేలికలు ఏరి, అతికి, కట్టుకునేవాళ్లు. వానాకాలపు మకాం ముగిశాక జరిగే కఠిన వేడుకలో గృహస్థులిచ్చిన గుడ్డను ఆ రోజే కత్తిరించి, కుట్టి, రంగువేసి భిక్షువుకు అప్పగించాలి. తరవాత భర్తృహరి. ఆయన వైరాగ్య శతకంలో విరాగికి మిగిలే ఆస్తుల్లో అతుకుల కంథ, అంటే బొంత, ఒకటి. అక్కణ్నుంచి ఒక వెయ్యేళ్లు దూకేస్తున్నాను, పాఠకులు మన్నించాలి. దూకక తప్పదు. గుడిలో అఖండదీపానికి నెయ్యి కావాలని దానమిచ్చిన గొర్రెల్ని మన రాతి శాసనాలు లెక్కపెట్టి మరీ చెక్కాయి. ఆ గొర్రెల బొచ్చుతో ఎవరు ఎవరికి ఏం కప్పారో ఒక్క అక్షరం చెక్కలేదు. సంక్రాంతి దానాల్లో నువ్వులతోపాటు కంబళినీ పెద్దలు చేర్చారు కాబట్టి ఇచ్చేవాళ్లు ఇచ్చే ఉంటారు. 1876–78 ధాత కరువులో లండన్‌లో పోగైన చందాల్లో కొంత మన జనానికి గుడ్డల కోసం ఖర్చయింది. అంతే, పంతొమ్మిదో శతాబ్దం కూడా అయిపోయింది.

కంబళి మాట వచ్చింది కాబట్టి గొర్రెలు కాసే కురుబల్ని తలుచుకోకుండా వెళ్లలేను. ఏడాదికి రెండుసార్లు గొర్రెల బొచ్చు కత్తిరిస్తారు. ఆడవాళ్లు రాట్నం మీద వడుకుతారు, మగవాళ్లు గుంటమగ్గం మీద నేస్తారు. పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. నల్లగా, గరగరలాడుతూ, ఒళ్లు కోసినట్టుండే ఆ కంబళి వానలో తలమీద గూడు, చేలో పరుపు, చలిలో గోడ. కానీ అది డబ్బులిచ్చి కొనేది. ఇంట్లో పుట్టేది బొంత.

మా అవ్వది పుంగనూరు. సంక్రాంతి అయ్యాక ఎండ పడే నడవలో ఒక మెత్తటి పాత చీర పరిచేది. దాని మీద చినిగిన పంచెలు, రవికెలు, పిల్లల చొక్కాలు. ఎత్తుపల్లాలు లేకుండా సర్ది, పైన ఇంకో చీర కప్పి, అంచుల చుట్టూ పెద్ద పెద్ద టాకాలు వేసేది. ఆ తర్వాత అంచు నుంచి నడుమకు వరసలు. కుట్టు దగ్గరైతే బొంత బిగుసుకుపోతుంది, దూరమైతే లోపలి గుడ్డలు ఒకచోట ముద్దకడతాయి. చూపుడు వేలు కొస నుంచి మధ్య కణుపు దాకా ఉండాలనేది ఆమె కొలత. కుట్టినన్నాళ్లూ మాకు ఒకటే ఆట: ‘‘ఇది ఎవురి చీరో చెప్పు నాయనా, చూద్దాం.’’ పెద్దమ్మది, అత్తది, పోయిన జేజిది. తప్పు చెప్తే సూదిలో దారం ఎక్కించాలి.

ఏటా కుట్టే రెండు మూడింట్లో ఒకటి ఇంట్లో ఉండేది కాదు. పురుడు పోసుకున్న ఇంటికో, కావలివాడికో పోయేది. దాన్ని దానమని ఎవరూ అనలేదు. ఒకటి మాత్రం మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరానికి పోయిందని అవ్వ చెప్పేది. ఈ వ్యాసంలో నాకు ఇష్టమైన చోటు అదే కాబట్టి ఇక్కడ కాసేపు కూర్చుంటాను.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలోది. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, పొడిగాలి, పక్కనే హార్స్‌లీ కొండలు. క్షయకు మందు లేని రోజులవి. మంచిగాలి, మంచి తిండి, కదలకుండా పడక, ఇవే వైద్యం. పలు క్రైస్తవ మిషన్లు కలిసి ఊరికి కొద్ది దూరంలో 1915లో యూనియన్ మిషన్ క్షయ శానటోరియం తెరిచాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నిలబెట్టాడు. ఆరోగ్యవరం అని పేరు. పేరులోనే మొక్కు ఉంది.

గాలే మందైనచోట తలుపులు మూయకూడదు. పక్కలు తెరిచిన వార్డుల్లో, వరండాల్లో పగలూ రాత్రీ పడుకోవాలి. మార్గశిరంలో మదనపల్లె తెల్లవారుజాము ఎరిగినవాళ్లకు ఆ వైద్యం ఎంత కఠినమో వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో దగ్గుతుంటే కిటికీలు బిగించి సాంబ్రాణి పొగవేసే మనవాళ్లకు, చలిగాలిలో మంచం వేయడం పిచ్చితనంగానే తోచి ఉండాలి. నెలలు, ఒక్కోసారి ఏళ్లు. ఆ పడకకు దుప్పటే ఇల్లు.

మా అవ్వ పుట్టింటి పక్కవాళ్ల అబ్బాయి అక్కడికి పోతుంటే బొంత ఇచ్చి పంపారట. అబ్బాయి బాగై తిరిగొచ్చాడు. బొంత రాలేదు. ‘‘అడగలేదా అవ్వా?’’ అంటే, ‘‘అడిగితే ఇస్తారని భయం’’ అనేది. ఆ రోజుల్లో ఆ జబ్బంటే అదీ సంగతి.

అదే కాలంలో ఊళ్లో ఇంకో వింత. థియొసాఫికల్ కాలేజీలో పనిచేసిన ఐర్లండ్ మనిషి జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్, 1916లో అక్కడి ఆడవాళ్లను పోగేసి ‘అబలాభివర్ధినీ సమాజం’ పెట్టింది. అబలలు అంటూనే బలం పెంచే పని! మరుసటి ఏడాది అడయార్‌లో ఆమె కూడా చేయి వేసి పుట్టించిన విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ శాఖల్లో చదువు, కుట్టుపని, ప్రథమ చికిత్స నేర్పేవారు. 1919లో ఠాగూర్ వచ్చి ‘జనగణమన’ను ఇంగ్లీషు చేయడం, ఆమె స్వరం రాయడం ప్రతి ఆగస్టు 15కీ వచ్చే కథ. సూదీదారం కథ ఏ పండక్కీ రాదు.

తర్వాత వరండా అవసరం తీరిపోయింది. 1948లో దేశంలో బీసీజీ టీకా మదనపల్లెలోనే మొదలైంది. 1950–55 మధ్య చుట్టుపక్కల పల్లెల్లో క్షయ మీద పెద్ద సర్వే జరిగింది. 1956లో మొదలైన మద్రాసు ప్రయోగం, మందులు సరిగ్గా వాడితే ఇంట్లో ఉన్నా శానటోరియంలో ఉన్నా ఒకే ఫలితమని 1959లో తేల్చింది. రోగి తన ఇంటికి, తన బొంతలోకి వచ్చేశాడు.

ఇక్కడినుంచి నా చరిత్ర చిక్కుపడిపోతుంది. ఇప్పుడు చలికాలం వస్తే కుప్పం నుంచి మదనపల్లె దాకా దుప్పట్ల పంపిణీలే: క్లబ్బులవి, నాయకుల పుట్టినరోజులవి. ఒక దుప్పటికి పట్టుకునేవాళ్లు ఆరుగురు, ఫోటోలో కప్పుకునేవాడు కనపడడు. ఇట్లా పంచే చౌక దుప్పట్లలో చాలావాటి పుట్టిల్లు పానిపట్. పడమటి దేశాలవాళ్లు తొడిగి వదిలేసిన స్వెట్టర్లు, కోట్లు చించి, పీచు చేసి, మళ్లీ వడికి నేస్తారు. ఆలోచిస్తే అదీ బొంతే, కాకపోతే ‘‘ఎవురి చీరో చెప్పు’’ అని ఆడుకోలేం. ఢిల్లీలో పుట్టిన గూంజ్ సంస్థ పాతగుడ్డలతో సుజనీలనే బొంతలు కుట్టిస్తోంది. చేత్తో అల్లేవాళ్లు వాట్సాప్ గుంపుల్లో మళ్లీ కలుస్తున్నారు. అవ్వ పద్ధతి బతికిందా పోయిందా అంటే రెండు రోజుల్లో తేలే లెక్క కాదు.

సంపాదకులు ఫోటో అడిగారు. మా ఇంట్లో మిగిలిన ఒక్క బొంత ఇస్త్రీ బల్ల మీదుంది. తీసి ఎండలో పరిచాను. ఇస్త్రీపెట్టె మరిచిపోయి కాల్చినచోట పైచీర చిరిగి, కింద ఇంకో చీర కనపడింది. ఆకుపచ్చ, మామిడిపిందెల అంచు. ఫోటో తీసి అమ్మకు పంపాను. కాసేపటికి జవాబొచ్చింది: ‘‘ఇది మనింటి చీర కాదే.’’